కుట్టిన రవిక

కుట్టిన రవిక మంచం మీద ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆకుపచ్చ రంగు. చేతులకు ఎర్ర అంచు. వెనక తాళ్లు, తాళ్ల చివర రెండు కుచ్చులు. సూర్యాపేటలో పేరున్న టైలరే కుట్టాడు. మనసు పెట్టి కుట్టాడు. అదే ఇప్పుడు కొంప ముంచింది.

"ఎవలు కుట్టియ్యమన్నరు నిన్ను?" స్వరాజ్యలక్ష్మి గడప అవతలే నిలబడి అడిగింది. సొంత పడకగదిలోకి అడుగు పెట్టడానికి ఆమె కాళ్లు ఒప్పుకోవడం లేదు.

"అన్నీ ఒకేసారి ఇచ్చాను అత్తయ్యా," లాస్య గొంతు సన్నగా వచ్చింది. "మీవి రెండు, నావి మూడు, గౌరీబాయిది ఒకటి. డిసెంబరు వస్తే పండుగ బట్టలు తీసుకోనన్నాడు టైలర్. అందుకని సంచి సంచే ఇచ్చేశాను."

"గా సంచిల ఆమె గుడ్డ ఉన్నదని ఎర్కలేదా?"

"ఉందని తెలుసు. కుట్టించకూడదని తెలీదు."

ఆమె అంటే అండాలు. శంకర్ సేట్ మొదటి భార్య. ఇరవై తొమ్మిదేళ్ల కిందట వాడపల్లిలో కృష్ణ స్నానానికి దిగి కొట్టుకుపోయింది. మూడు రోజులు వెతికితే చీర ఒక్కటే దొరికింది. దర్భలతో బొమ్మ చేసి కర్మ చేశారు. ఆ ఏడే స్వరాజ్యలక్ష్మి ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చింది.

అప్పటి నుంచీ ప్రతి సంక్రాంతికి అండాలు ఫోటో ముందు కొత్త చీర, పసుపు కుంకుమ, రవిక గుడ్డ పెడతారు. మరునాడు ఆ చీరను రెండో భార్య కట్టుకోవాలి. ముత్తైదువగా పోయిన మొదటి భార్యను అలా చల్లబరచకపోతే ఇంటిని నిలవనివ్వదట. గుడ్డ మాత్రం గుడ్డగానే ఉండాలి. కత్తెర తగలకూడదు.

అలా ఎందుకు ఉండాలో స్వరాజ్యలక్ష్మికి వాళ్లత్త మొదటి ఏడే చెప్పింది. 'కుట్టిన రవిక పెట్టినవనుకో, తొడుక్కుందామని వస్తది.'

"అమ్మా, జర ఆలోచించు," పృథ్వీ సోఫాలోంచి అన్నాడు. లాస్య భర్త. ఇంట్లో ఎంత గొడవ జరుగుతున్నా ఒక జోకు వెయ్యకుండా ఉండలేని మనిషి. "కొలతలు నీవేనాయె. ఆమె వచ్చినా ఆమెకు పట్టనే పట్టదు. వాపస్ పోతది."

"నోర్ముయ్‌రా!"

శంకర్ సేట్ చెప్పులు వేసుకుంటున్నాడు. గంజ్‌లో ధాన్యం బళ్లు వచ్చే వేళ. "ఇంకో గుడ్డ కొనుండ్రి. ఖతం," అన్నాడు తల ఎత్తకుండా.

"కొంటె ఖతమైతదా?" స్వరాజ్యలక్ష్మి గిర్రున తిరిగింది. "నీకేం? పొద్దుగాల పోతవ్, మాపటికొస్తవ్. ఆమెతోని ఇంట్ల ఉండేది నేను!"

సేట్ బయటికి నడిచాడు. మొదటి భార్య మాట వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ ఏమీ అనడు. బయట స్కూటర్ చప్పుడు వినిపించింది. దూరమైంది.

* * *

తప్పంతా ఫ్రిజ్ మీది కాగితానిదే.

దీపావళి వెళ్లిన వారానికే లాస్య సంక్రాంతి పనులన్నీ రాసి దాన్ని అంటించింది. కోదాడలో ఆమె పుట్టింట్లో అదే అలవాటు. ఒకటో వారం అటకలు దులపడం. రెండో వారం సున్నాలు. మూడో వారం బట్టలు. నాలుగో వారం పిండివంటలకు బియ్యం, నువ్వులు, వాము. ఐదో వారం ముగ్గుల రంగులు. ఆరో వారం ఏ పనీ లేదు. అక్కడ లాస్య ఒక చిన్న నవ్వు ముఖం గీసింది.

"పండుగకు ఇంకా ఇన్ని దినాలున్నయ్. ఎదురువోయి తోలుకొస్తవా దాన్ని?" అని అత్తగారు అప్పుడే ఎత్తిపొడిచింది. కానీ అటకలు తళతళలాడుతుంటే ఆమెకూ ముచ్చటేసింది. గోడలకు లేత పసుపు రంగు తనే చెప్పి వేయించుకుంది. పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించింది.

ఇప్పుడు అదంతా ఎటో పోయింది. నాలుగు రోజులుగా స్వరాజ్యలక్ష్మి గొంతులోంచి చాయ్ తప్ప ఏదీ దిగడం లేదు. సోమవారం పాలు విరిగాయి. మంగళవారం దీపం కొండెక్కింది. బుధవారం ఆమెకు జ్వరం. మూడింటికీ ఆమె దగ్గర ఒకటే కారణం.

గురువారం పొద్దున మూకుడును తీసుకుపోయి స్టోర్‌రూంలో బోర్లించింది.

"ఈ ఏడు సకినాలు లేవు. నేను మూకుడు పెట్ట. నూనె ముంగట కూసుంటే ఆమె నా ఎన్కనే నిలవడ్డట్టు అనిపిస్తాంది."

సకినాలు లేని పండుగ! పృథ్వీ కూడా జోకు వెయ్యలేదు.

"నాతోనే అయింది, నేనే సరిచేస్తాను అత్తయ్యా," అంది లాస్య.

"ఏం సేస్తవ్? పోయినామెతోని మాట్లాడొస్తవా?"

పొయ్యి గట్టు తుడుస్తున్న గౌరీబాయి చేతులు ఆపింది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో పని చేస్తోంది. అన్నీ వింటుంది, అవసరమైనప్పుడే మాట్లాడుతుంది.

"మిర్యాలగూడల ఒకామె ఉన్నది. సకినాలక్క అంటరు. పెండ్లిళ్లకు, పండుగలకు ఆమెనే. ఆర్డర్ మాత్రం ఎంటనే ఇయ్యాలె. ఇంకో వారమైతే తీసుకోదు. కలెక్టరొచ్చినా తీసుకోదు."

* * *

శుక్రవారం మధ్యాహ్నం లాస్య మిర్యాలగూడ బస్సు దిగింది.

ఉడుకుతున్న వడ్ల వాసన ఊరు ఊరంతా కమ్ముకుని ఉంది. ఆటోవాడు రైస్ మిల్లుల మధ్యలోంచి తిప్పి తిప్పి, ఒక పాత గోదాము ముందు ఆపాడు. బోర్డు లేదు. గుమ్మం పక్కన చెప్పులు మాత్రం యాభై జతల దాకా ఉన్నాయి.

లాస్య తనవీ వదిలి లోపలికి అడుగు వేసింది. అక్కడే ఆగిపోయింది.

గోదాము ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లని బట్టలు పరిచి ఉన్నాయి. వాటి మీద సకినాలు. వందలు కాదు. ఎన్నో చెప్పడానికి లేదు. పైన రేకుల సందుల్లోంచి ఎండ పడుతుంటే, నేల మీద ఎవరో చుక్కల ఆకాశాన్ని పరిచినట్టుంది. వాటి మధ్య వరుసలుగా ఆడవాళ్లు. అందరి వేళ్లూ తిరుగుతున్నాయి. ఒక్కరూ మాట్లాడడం లేదు.

అంత మంది ఆడవాళ్లు, అంత నిశ్శబ్దం. లాస్యకు గుళ్లోకి వచ్చినట్టనిపించింది.

నడి వరుసలో ఒకామె కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. సగం నెరిసిన జుట్టు, ముతక నేత చీర. ఆమె చేతిలోంచి పిండి సన్నని తాడులా మెలికలు తిరుగుతూ దిగుతోంది. ఒక చుట్టు. దాని చుట్టూ ఇంకోటి. ఎక్కడా తెగడం లేదు, ఎక్కడా లావు కావడం లేదు. విచిత్రం ఏమిటంటే ఆమె అసలు కిందికి చూడడమే లేదు. దూరంగా పొయ్యి దగ్గర నూనె ఎలా కాగుతోందో చూస్తోంది.

చెయ్యి తనంతట తానే గుండ్రం గీస్తోంది.

"రా బిడ్డా, కూసో," అందామె ముఖం తిప్పకుండానే. "ఆర్డరా?"

"అవునండీ. పండుగకి."

"తొందరగ వచ్చినవ్. మంచిది. పండుగ ముంగట పడి ఉరికొచ్చేటోళ్లను సూస్తె నాకు ఒళ్లు మండుతది. ఏ ఊరు?"

"సూర్యాపేటండీ. నాది కోదాడ. అత్తగారిది సూర్యాపేట."

"నీ మాట ఇన్నప్పుడే కోదాడ అనుకున్న," నవ్విందామె. "ఎవలింటి కోడలివి?"

"పాత గంజ్ దగ్గర. శంకర్ సేట్ గారింటి కోడల్ని."

ఆమె ఇటు తిరిగింది.

ఎడమ కనుబొమ్మ నడిమికి తెగి ఉంది. మధ్యలో గోరంత ఖాళీ. ఆ ఖాళీ లాస్యకు తెలుసు. పెళ్లయిన ఈ ఏడాదిన్నరగా ప్రతి శుక్రవారం పూజగదిలో ఒక ఫోటో తుడుస్తోంది. అద్దం తుడిచి, కొత్త దండ వేసి, బొట్టు పెడుతోంది. అదే కనుబొమ్మ. అదే, నవ్వితే ఒక పక్కకే లేచే పెదవి. ఆ ఫోటోకి ముప్పై ఏళ్ల వయసు కలిపితే ఈ ముఖం.

ఈ రోజు కూడా శుక్రవారమే. పొద్దున్నే బొట్టు పెట్టి వచ్చింది.

"మీరు..." లాస్య కూర్చున్న చోటే వెనక్కి జరిగింది. "మీ పేరు..."

"ఆ ఇంట్ల దండ ఎవలకు ఏస్తున్రో, ఆమె పేరే."

చుట్టూ ఉన్నవాళ్లు తల ఎత్తలేదు. ఆమె చెయ్యి ఆగలేదు. నాలుగో చుట్టు పూర్తి చేసి, పిండి తాడును చిటికెన వేలితో తెంపింది.

"పరేషాన్ గాకు. దయ్యాన్ని గాను. కాళ్లు సూస్కో, ముంగటికే ఉన్నయ్." అని నిజంగానే పాదాలు చాపి చూపించింది. తర్వాత ఇంకో ముద్ద తీసుకుంది. "ఈ ఏడు నాకేం రంగు చీర తెచ్చిన్రు?"

లాస్యకు ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. "ఆకుపచ్చ."

"మల్లా ఆకుపచ్చనేనా! పోయినేడు గూడ గదేనట గద."

"మీకెలా తెలుసు?"

"సూర్యాపేట నుంచి ఆర్డర్లకొచ్చే ఆడోళ్లు కతలు చెప్పకుంట పోతరా? సేట్ పెండ్లాం మొదటామెకు ఎంత భక్తితోని పెడతదో అని గొప్పగ చెప్తరు. నేను ఊఁ కొడుత." ఆమె పెదవి ఒక పక్కకు లేచింది. "బతికున్న రెండేండ్లల్ల ఆ ఇంట్ల నాకు ఒక్క చీర కొనలే. సచ్చినంక ఏడాదికోటి."

"మరి... కొట్టుకుపోయారన్నారు. వాడపల్లిలో..."

"కొట్టుకపోలే బిడ్డా," అందామె. "ఈదిన."

ఒక్క మాట. అంతే.

నిండు కృష్ణ. ఇరవై రెండేళ్ల ఆడపిల్ల. కట్టిన చీరను నీళ్లలోనే విప్పి వదిలేసి, ఒడ్డున జనం అరుస్తుంటే కంటికి ఆనని అవతలి గట్టు కోసం చేతులు వేసుకుంటూ పోవడం. లాస్య దాన్ని ఊహించడానికి ప్రయత్నించింది. ఊహ నది నడిమి దాకా కూడా పోలేదు. ఎదురుగా ఉన్న ఆ రెండు చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. సన్నని చేతులు. మణికట్టు దాకా తెల్లని పిండి.

"కాలు జారిన మాట నిజమే. ఒడ్డు మీద పదిమంది ఉన్నరు. అందరు మొత్తుకున్నరు, ఉరికిన్రు, తాళ్లు ఇసిరిన్రు." ఆమె గొంతు మారలేదు. "ఒక్కడే మొత్తుకోలే. నాకు అందరికన్న దగ్గర ఉన్నది ఆయననే. చెయ్యి సాపితే అందుతది. నా కండ్లల్లకే సూసిండు. చెయ్యి సాపలే."

లాస్య ఆ ఒక్కడి పేరు అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు.

"గప్పుడు ఒడ్డు దిక్కు ఈదుడు మానేసిన. ఇటు రాబుద్ది కాలే. అటు మల్లిన. అవతల పడవోళ్లు తీసి, దుప్పటి కప్పిన్రు. ఇరవై రెండేండ్లు అవతలనే. ఇటొచ్చి ఏడేండ్లు."

"ఎందుకు బయటపడలేదు? పోలీసులు, పెద్దమనుషులు..."

"బయటపడితే ఏమైతది? సచ్చినదాన్ని గనుకనే నా తిండి నేను తింటున్న. ఎవలకు జవాబు చెప్పేది లేదు." ఆమె గోదామంతా ఒకసారి కలయజూసింది. "సూడు, ఈ నలభై ఎనిమిది మంది నా కొంప."

లాస్య మనసు సూర్యాపేట ఇంటికి పోయింది. అండాలు బతికుంటే స్వరాజ్యలక్ష్మి ఆ ఇంట్లో ఎవరు? ఇరవై తొమ్మిదేళ్లుగా మెడలో వేసుకుని తిరుగుతున్నది ఏమిటి? పృథ్వీ ఎవరు? ఒక్క మాట బయటకు పోతే ఆ లేత పసుపు గోడలు మిగలవు. మాట దాచితే, లేని ఆత్మకు భయపడి ఆ మనిషి రోజుకింత కరిగిపోతోంది.

"మా అత్తయ్య అన్నం తినడం లేదండీ," అంది, ఏం చెప్పాలో తెలియక అదొక్కటే చెప్పింది. "మీరంటే భయం. పెళ్లయిన నాటి నుంచీ భయమే. మీ చీర కట్టుకున్న రోజు రాత్రంతా కూర్చునే ఉంటుందట."

మొదటిసారి అండాలు ముఖంలో ఏదో కదిలింది.

"నేనంటెనా? నన్ను జూసి భయమా?" అంది. "ఆ పిల్ల నాకేం అన్యాయం జేసింది?"

లాస్య బ్యాగులో ఫోన్ మోగింది.

వీడియో కాల్. తెర మీద 'అత్తయ్య' అని వెలుగుతోంది.

లాస్య ఫోన్ పట్టుకుని అలాగే చూసింది. ఎత్తకపోతే పది సార్లు చేస్తుంది. అండాలు తల కాస్త ఊపి, తన ముందున్న తెల్లబట్టను చూపించింది. 'చేతులు చూపించు, చాలు' అన్నట్టు.

లాస్య కెమెరాను కిందికి వంచి బటన్ నొక్కింది.

"పోయినవా? ఎట్లున్నయ్ సకినాలు? లావుగ ఉంటె వద్దని చెప్పు, మీ మామకు పండ్లకు పట్టవు," స్వరాజ్యలక్ష్మి గొంతు నీరసంగా ఉంది. "ఏది, సూపియ్యి."

"ఇదిగో అత్తయ్యా. చుడుతున్నారు, చూడండి." లాస్య ఫోన్‌ను రెండు చేతులా బిగించి పట్టుకుంది.

అండాలు పిండి ముద్ద తీసుకుంది. ఈసారి చూపు చేతుల మీదే పెట్టింది. పిండి తాడు దిగడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. మామూలుగా నాలుగు చుట్లతో తెంపుతారు. ఆమె తెంపలేదు. ఐదు. ఆరు. తొమ్మిది. పక్కనున్న ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. పన్నెండు. ఆ తాడు వెంట్రుకంత కూడా మందం మారలేదు. బట్ట మీద పళ్లెమంత చక్రం తయారైంది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగుస్తుందో కంటికి దొరకడం లేదు.

ఫోన్‌లో మాట లేదు. లైన్ కట్ అయిందేమోనని లాస్య చూసింది. కాలేదు. స్వరాజ్యలక్ష్మి తెరకు ముఖం ఆనించి చూస్తోంది. ఐదు రోజులుగా గుంటలు పడ్డ కళ్లు ఇంతింత విచ్చుకున్నాయి.

"అబ్బ," అంది చివరికి, ఊపిరి వదిలినట్టు. "ఎవలమ్మ నువ్వు? నేను నా బతుకుల గిట్లాంటి చెయ్యి సూడలే."

అండాలు ఇంకో ముద్ద తీసుకుంది.

"అక్కా, నిన్నే. ఏమనుకోకు, ఒక మాటడుగుత." స్వరాజ్యలక్ష్మి గొంతు చిన్నపిల్లలా మారింది. "మా ఇంట్ల నాకు మంచిగ లేదక్కా. ఈ ఏడు మూకుడు పెట్టాలంటేనే గుండె దడదడలాడుతున్నది. నీ చెయ్యి సూస్తుంటె ఎందుకో భయం తగ్గింది. నువ్వొచ్చి పక్కన కూసుంటవా? ఒక్క దినం. నువ్వు సుట్టు, నేను కాలుస్త."

తెల్లబట్ట మీద చెయ్యి ఆగిపోయింది.

లాస్య లోపలికి వచ్చినప్పటి నుంచి ఆ చెయ్యి ఆగడం ఇదే మొదటిసారి. అక్కా. తెలియని పెద్ద ఆడమనిషిని ఎవరైనా అలాగే పిలుస్తారు. అందులో ఏమీ లేదు. కానీ ఆ మనిషి ఈ మనిషిని పిలవాల్సిన మాట ఆ ఒక్కటే. లోకంలో ఇంకో వరస లేదు.

అండాలు తల ఎత్తి లాస్య వైపు చూసింది. లాస్య వద్దు, వద్దు అని తల అడ్డంగా ఊపింది.

"ఏందక్కా, మాట్లాడవ్? రావా?"

"వస్త చెల్లె," అంది అండాలు. "రేపే వస్త. సేట్‌ను గంజ్‌కు పోనియ్యకు. ఇంట్లనే ఉండుమను."

అవతల స్వరాజ్యలక్ష్మి నవ్వింది. ఐదు రోజుల తర్వాత నవ్వు. "ఆడోళ్లు సకినాలు సుడుతుంటె ఆయనతోని ఏం పనక్కా? అయినా ఆయన గంజ్‌కు పోతడని నీకెట్ల ఎర్క? మా ఆయన తెలుసా నీకు?"

అండాలు పిండి చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. ఒక వేలు, తర్వాత ఇంకో వేలు, తొందర లేకుండా. తర్వాత చెయ్యి చాపి, లాస్య పట్టులోంచి ఫోన్ తీసుకుంది. లాస్య వదలలేదు. ఆమే మెత్తగా వేళ్లు విడదీసింది.

ఫోన్‌ను మెల్లగా తన ముఖం వైపు తిప్పింది.

తెర మీద స్వరాజ్యలక్ష్మి ఇంకా నవ్వుతూనే ఉంది.